కొలాబ్‌లో జోడీ ఎంపిక: ఏటూరునాగారం గోదావరి తీరం

ఇద్దరు కంటెంట్ క్రియేటర్లు కలిసి ఒక వీడియోనో, రీల్‌నో, వీడియోల వరుసనో చేసి ఇద్దరి ప్రేక్షకుల ముందూ పెట్టడాన్ని తెలుగు యూట్యూబర్లు ‘కొలాబ్’ అంటారు. ఎవరితో చెయ్యాలి, ఎవరితో వద్దు అని తేల్చుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు. కెమెరా, మైకు, ఎడిటింగ్ అన్నీ ఆ తర్వాతే. ఈ వ్యాసం ఆ ఎంపికను ములుగు జిల్లా ఏటూరునాగారం చుట్టుపక్కల నేల మీద నిలబడి పరిశీలిస్తుంది. ఇలాంటి చోట కొలాబ్‌లో ఉండేది ముగ్గురు: కెమెరా పట్టిన ఇద్దరు, ఆ కెమెరాలో పడే ఊరు. మూడో పక్షాన్ని ఎలా చూసుకుంటాడన్నదే రెండో మనిషి తగినవాడా కాదా అని చెప్పే అసలు గుర్తు. సబ్‌స్క్రైబర్ల లెక్క దాని తర్వాతి మాట.

పాత జోడీలు

జోడీ కట్టడం తెలుగువాళ్లకు ఇంటర్నెట్‌తో వచ్చిన విద్య కాదు. పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ కలిసి ‘ప్రబోధ చంద్రోదయం’, ‘వరాహ పురాణం’ రాశారు. తెలుగులో తొలి జంటకవులన్న పేరు వాళ్లదే. ఇద్దరూ మేనమామ, మేనల్లుళ్లు. చుట్టరికం, కవిత్వం ఒకే ఇంట్లో కలిశాయి.

ఆధునిక కాలంలో అందరికీ గుర్తొచ్చే జంట దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950). చర్ల బ్రహ్మయ్య శాస్త్రి దగ్గర కలిసి చదువుకున్నారు. అవధానాలతో ఊరూరా తిరిగారు. ఎవరు ఏది రాసినా తిరుపతి వేంకట కవుల పేరు మీదే వెలువడాలని కట్టుబడ్డారు. 1920లో తిరుపతి శాస్త్రి పోయాక చెళ్లపిళ్ల ఇంకో ముప్పై ఏళ్లు బతికారు. ఆ ముప్పై ఏళ్లూ జంట పేరును విడిచిపెట్టలేదు. ఏ పద్యం ఎవరిదో విడదీయడం చదివేవాళ్లకు సాధ్యం కాకూడదన్నది వాళ్ల పట్టుదల.

బాపు (1933–2014), ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) జోడీ ఇంకో రకం. మద్రాసులో బడి రోజుల స్నేహం. మాట రమణది, గీత బాపుది. ‘బుడుగు’ పుస్తకంలో ఏది ఎవరి చేతి పనో చిన్నపిల్లలకూ తెలుస్తుంది. 1967లో ‘సాక్షి’తో సినిమాల్లోకి దిగాకా ఆ పొత్తు చెదరలేదు. తిరుపతి వేంకట కవులది పాలూ నీళ్లూ కలిసిపోయిన పొత్తు, బాపు రమణలది పడుగూ పేకా లాంటి పొత్తు. ఈ రెండింటి తేడా తెలుసుకోకుండా కొలాబ్‌కు దిగినవాళ్లే తర్వాత ‘ఐడియా నాది, కష్టం నాది’ అని తగువులాడుకోవడం కనిపిస్తుంది.

అయితే నేటి వీడియో జోడీకి అన్నిటికన్నా దగ్గరి పూర్వరూపం కవుల దగ్గర లేదు, బుర్రకథ వేదిక మీద ఉంది. నడుమ కథకుడు: భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు లోకం పోకడ మాట్లాడతారు. ‘వంత పాడటం’ అనే మాటకు వాడుకలో ఎదుటివాడు ఏమంటే దానికి తలూపడం అనే అర్థం వచ్చేసింది. వేదిక మీద వంత చేసే పని అది కాదు. కథకుడు పరుగెత్తుతుంటే వంత ఆపుతాడు. ‘ఆగు, ఆమె ఎందుకు ఏడిచిందో చెప్పు’ అంటాడు. అది ముందు వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మ మనసులో మెదిలిన ప్రశ్నే. కథకుడు ఊపిరి తీసుకునే సందు కూడా అక్కడే దొరుకుతుంది. షేక్ నాజర్ (1920–1997) లాంటి మహా కథకుడి పక్కన కూడా వంతలు ఉండాల్సిందే. ఒగ్గుకథలోనూ అంతే, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య (1935–2017) గొంతు ఎంత పెద్దదైనా వెనక డోలు, పక్కన వంత లేనిదే కథ నడవదు.

మంచి జోడీ కోసం వెతికేవాళ్లు వెతకాల్సింది ఇలాంటి వంతనే. తనలాగే మాట్లాడే రెండో కథకుడు దొరికినా వేదిక ఇరుకవడం తప్ప లాభం లేదు.

తెర మీదికి వచ్చిన ఊళ్లు

2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. పల్లెల్లో ఫోన్ పట్టుకున్న ప్రతివాడికీ వీడియో చూడటం, ఆ వెంటనే వీడియో తీయడం అందుబాటులోకి వచ్చాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించింది. ఆ మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దేశంలో మొదలయ్యాయి. రాత్రికి రాత్రి వేదిక పోగొట్టుకున్న ఊరి కుర్రాళ్లు అటు రీల్స్‌కూ, ఇటు యూట్యూబ్‌కూ చేరారు. తమ పేరుకు పక్కవాడి పేరు తోడైతేనే మళ్లీ నిలదొక్కుకోగలమని అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

తెలంగాణ పల్లె నుంచి పుట్టిన జోడీల్లో ‘మై విలేజ్ షో’ ప్రస్తావన లేకుండా ఈ అంశం పూర్తి కాదు. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ దీన్ని జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో మొదలుపెట్టారు. ఆయన అత్తగారు మిల్కూరి గంగవ్వ తెర మీదికి వచ్చాక ఛానల్ దశ తిరిగింది. పొలం పనులు, బీడీలు చుట్టడం తప్ప నటన ఎరగని మనిషి ఆమె. 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్ దాకా వెళ్లారు. అనిల్ జీల లాంటి కుర్రాళ్లు ఆ గుంపులోనే పేరు తెచ్చుకున్నారు. కెమెరా, కథ, ఎడిటింగ్ తెలిసిన యువకులకు గంగవ్వ నోటి యాస, ఆమె మొహమాటం లేని మాట లేవు. ఆమెకు యూట్యూబ్ సంగతులు తెలియవు. ఒకరి దగ్గర లేనిది రెండోవారి దగ్గర పుష్కలంగా ఉంది. జోడీ కుదరడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. పైగా వాళ్లు తీసింది సొంత ఊరిని. రేపు పొద్దున మళ్లీ అదే వాకిట్లో నిలబడాల్సినవాళ్లు.

గుంటూరు వైపు మస్తానమ్మ వంటల ఛానల్ ‘కంట్రీ ఫుడ్స్’ కూడా 2016లో ముని మనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు కలిసి పెట్టిందే. నూరేళ్లు దాటిన అవ్వ పొలం గట్టున కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది.

ఏటూరునాగారం: కెమెరాకు దొరికేది, దొరకకూడనిది

ఏటూరునాగారం గోదావరి ఒడ్డున ఉన్న మండల కేంద్రం. పాత వరంగల్ జిల్లాలోది. 2016లో భూపాలపల్లి జిల్లాకు, 2019 ఫిబ్రవరి 17 నుంచి కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాకు చేరింది. హైదరాబాద్ నుంచి భోపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారి ఊరి మీదుగా పోయి ముల్లకట్ట వంతెనతో గోదావరి దాటుతుంది. గిరిజనాభివృద్ధి సంస్థ, వాడుకలో ఐటీడీఏ, కార్యాలయం ఇక్కడే. చుట్టూ దాదాపు 806 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. కోయ గూడేలు, టేకు, ఇప్ప, తునికి చెట్లు, వాగులు.

వీడియోలు చేసేవాళ్లను ఇక్కడికి రప్పించేవి ముఖ్యంగా మూడు. అవతలి ఒడ్డున వాజేడు మండలంలోని బొగత జలపాతం మొదటిది. ‘తెలంగాణ నయాగరా’ అని థంబ్‌నెయిళ్ల మీద కనిపించేది అదే. రెండోది తాడ్వాయి మండలంలోని మేడారం సమ్మక్క సారలమ్మ జాతర, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో. మూడోది అడవి, అందులోని కోయ జీవితం. బయటి క్రియేటర్‌కు ఇవి లొకేషన్లు. ఇక్కడి కుర్రాడికి అమ్మమ్మ ఊరు, చిన్నప్పుడు ఈదిన వాగు, ఇంటి దేవత. జోడీ కుదిరేదీ చెడేదీ ఈ తేడా దగ్గరే.

మేడారాన్నే తీసుకుందాం. జాతర మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుంచి గోవిందరాజు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు వస్తారు. మర్నాడు చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్కను కోయ పూజారులు తెస్తారు. గుట్ట మీద జరిగే పూజ పూజారులకే పరిమితం. కింద లక్షల మంది ఎదురుచూస్తుంటారు. ‘ఎవరూ చూపించనిది మనం చూపిద్దాం’ అనే మాట యూట్యూబ్‌లో చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. గుట్ట మీదికి డ్రోన్ పంపుదామనే భాగస్వామితో ఆ క్షణమే తెగతెంపులు చేసుకోవడం మంచిది. వ్యూస్ ఎన్ని వచ్చినా, ఆ తర్వాత కొండాయిలో తలెత్తుకు తిరగాల్సింది స్థానిక కుర్రాడే.

కోయ కథల సంగతి కూడా ఇలాగే చూడాలి. ఇలవేల్పుల చరిత్రను డోలి కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి చూపుతూ, డోలు కొడుతూ పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో పేరెన్నికగన్నవారు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. పడిగె ముందు డోలి, పాట, బొమ్మ మూడూ కలిస్తేనే కథ. దాన్ని ముప్పై సెకన్ల రీల్‌కు కోసి కింద సినిమా బీట్ పెట్టే ఎడిటర్ ఎంత నేర్పరైనా ఈ పనికి పనికిరాడు. కోయ మాటలకు సబ్‌టైటిల్ వేయించి, తెలిసినవాళ్ల చేత సరిచూపించే ఓపిక ఉన్నవాడు కావాలి.

ఇంకో గుర్తు ‘కోయదొర’ వేషం. ఈకల టోపీ, పూసల దండలు, వంకర తెలుగు, జోస్యం: సినిమాల్లో, స్టేజి కామెడీల్లో ఏళ్ల తరబడి నడిచిన ఈ బొమ్మకూ ఏటూరునాగారంలో కాలేజీకి వెళ్తున్న కోయ అమ్మాయికీ ఏ పోలికా లేదు. ‘సరదాగా ఒక స్కిట్ చేద్దాం’ అని ఆ వేషాన్ని ముందుకు తెచ్చే భాగస్వామికి ఈ జనం గురించి ఏమీ తెలియదని, తెలుసుకోవాలన్న కోరికా లేదని అర్థం. ఇది చిన్న విషయమని సర్దుకుపోవద్దని ఈ వ్యాసకర్త గట్టిగా అభిప్రాయపడుతున్నాడు.

ఇప్పపూల వేళ: ఒక చిన్న పరీక్ష

భాగస్వామిని ఎంచుకునే ముందు పెద్ద సిరీస్ ప్రకటించకుండా ఒక్క చిన్న వీడియో చేసి చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఈ ప్రాంతంలో అలాంటి వీడియోకు ఇప్పపూల ఏరివేత కన్నా మంచి సందర్భం లేదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప చెట్టు పూలు రాత్రి చివరి జాములో రాలడం మొదలవుతుంది. ఎండ ఎక్కేలోపు ఏరాలి. గూడెం ఆడవాళ్లు చీకటితోనే లేచి, బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. పూవు చిన్నది, లేత పసుపు రంగు, రసంతో కండగా ఉంటుంది. నేల మీద పడ్డ పూలను ఒక్కొక్కటిగా, నడుం వంచి, రెండు మూడు గంటల పాటు ఏరతారు. తీయటి, కాస్త మత్తైన వాసన చెట్టు చుట్టూ కమ్ముకుంటుంది. ఇంటికి తెచ్చి వాకిట్లో పరిచి ఎండబెడతారు. ఎండిన పూలు గోధుమ రంగుకు తిరిగి కిస్‌మిస్‌లా ముడుచుకుంటాయి. కొన్ని ఇంట్లో వాడుకుంటారు, కొన్ని అమ్ముతారు.

ఇప్పుడు భాగస్వామిని గమనించండి. హనుమకొండ నుంచి పది గంటలకు కారు దిగితే అతనికి దొరికేది ఖాళీ చెట్టు, ఎండు ఆకులు. అప్పుడు ‘మళ్లీ ఒకసారి పూలు చల్లి ఏరినట్టు చెయ్యమ్మా’ అని అడుగుతాడా, లేక ఆ రాత్రి ఊళ్లోనే పడుకుని నాలుగింటికి లేస్తాడా? ఏరుతున్న అవ్వ మొహం మీదికి లైటు కొడతాడా, లేక ఫోన్ జేబులో పెట్టి ఒక బుట్టెడు ఏరిపెట్టాక కెమెరా తీస్తాడా? ‘ఈ పూలతో సారా కాస్తారట కదా, అది చూపిద్దాం’ అన్నదే అతని మొదటి మాటైతే, ఆహారంగా, మందుగా, పెళ్లిలో, పూజలో ఇప్పకున్న చోటు అతని వీడియోలో కనిపించదు. ఆ ఒక్క పొద్దులో తెలిసినంత నెల రోజుల ఫోన్ మాటల్లో తెలియదు.

పరీక్ష రెండు వైపులా ఉంటుంది. బయటి నుంచి వచ్చేవాడు కూడా స్థానికుణ్ణి చూస్తాడు. చెప్పిన టైముకు వస్తాడా? ‘మా ఊళ్లో అందరూ నా మాట వింటారు’ అని చెప్పి, తీరా వెళ్తే ఎవరినీ ముందుగా అడగలేదని బయటపడుతుందా? గూడెం పెద్దమనిషికీ, ఏరే ఆడవాళ్లకూ ముందు రోజే చెప్పి ఒప్పించి ఉంచాడా? ఊరివాడు అయినంత మాత్రాన ఊరి తరఫున మాట ఇచ్చే హక్కు రాదు. ఈ సంగతి తెలిసిన స్థానిక భాగస్వామి దొరికితే బయటివాళ్లు అదృష్టంగా భావించాలి.

తూకం వేయాల్సినవి

ప్రేక్షకుల సంఖ్య. అందరూ ముందు చూసేది ఇదే, కాని ఎవరు చూస్తున్నారన్నది అంతకన్నా ముఖ్యం. బైక్ మీద వేగంగా తిరిగే ట్రావెల్ ఛానల్‌కు ఐదు లక్షల సబ్‌స్క్రైబర్లు ఉండొచ్చు. వాళ్లలో తునికాకు కట్ట గురించి ఓపికగా వినేవాళ్లు కొద్దిమందే కావచ్చు. వేసవిలో గూడేల్లో తునికాకు కోసి, యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టి కల్లంలో ఎండబెడతారు. దాని మీద ఎనిమిది నిమిషాల వీడియో పెడితే చివరిదాకా చూసే చిన్న వ్యవసాయ ఛానలే ఇక్కడ మేలైన తోడు. పాత వీడియోల కింద వ్యాఖ్యలు చదివితే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

వేగం. ఒకరు రోజుకు రెండు రీల్స్ పెట్టేవాళ్లు, ఇంకొకరు నెలకో వీడియో చేసేవాళ్లు అయితే నెలలోపే ఇద్దరికీ చిరాకు పుడుతుంది.

నిజం మీద పట్టు. ఈ ప్రాంతంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 2023 జులై చివర్లో కుండపోత వానలకు జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచేసింది, ప్రాణాలు పోయాయి. అదే వారంలో వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన పర్యాటకులు వాగు దాటలేక రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు. సహాయక దళాలు వెళ్లి బయటికి తెచ్చాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. అదే ఏడాది డిసెంబర్ 4న పొద్దున ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఇలాంటి రోజుల్లో ఫోన్లన్నీ వీడియోలతో నిండిపోతాయి. ఎక్కడెక్కడివో పాత వరద దృశ్యాలు కూడా ‘ఇప్పుడే’ అని తిరుగుతాయి. ఆ గంటలో ‘ముందు పెట్టేద్దాం, తర్వాత చూద్దాం’ అనేవాడితో పేరు కలపకూడదు. వానాకాలంలో బొగత ఉధృతంగా ఉండి అటవీశాఖ సందర్శన ఆపినప్పుడు, దొంగదారిన వెళ్లి రాతి అంచున నిలబడి రీల్ తీద్దామనేవాడు కూడా అదే కోవకు చెందుతాడు. ఆ వీడియో చూసి ఇంకో పదిమంది అదే రాయి ఎక్కుతారు.

అభయారణ్యంలో చిత్రీకరణకు చట్టం ప్రకారం అనుమతి అవసరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ అనుమతి ఇవ్వదగిన పనుల్లో ఫొటోగ్రఫీని పేర్కొంటుంది. ఆ కాగితం కోసం అటవీ కార్యాలయానికి ఎవరు వెళ్తారన్న ప్రశ్నకు వచ్చే జవాబులోనే భాగస్వామి బాధ్యత ఎంతో తెలుస్తుంది.

పేరు, హక్కు, డబ్బు

స్నేహం ఉన్నప్పుడే ఇవి రాసుకోవాలి. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనన్న మొహమాటం తెలుగువాళ్లలో ఎక్కువ. నిజానికి కాగితం అడిగితే నొచ్చుకునేవాడి గురించే ఆలోచించాలి.

1957 కాపీరైట్ చట్టం రెండో సెక్షన్ ప్రకారం, ఒకరి పని నుంచి ఇంకొకరి పనిని విడదీయలేని విధంగా కలిసి చేసినదాన్నే ఉమ్మడి రచన అంటారు. తిరుపతి వేంకట కవుల పద్ధతి దీనికి సరిపోతుంది. బాపు గీత, రమణ మాట ఎవరివి వారివిగానే నిలుస్తాయి. వీడియో విషయంలో చట్టం ఇంకో మలుపు తిరుగుతుంది: చలనచిత్రానికి కర్త నిర్మాత. నిర్మాత అంటే ఆ పనికి చొరవ చూపి బాధ్యత తలకెత్తుకున్నవాడు. ఫోన్ ఎవరిదైతే వీడియో వాళ్లదే అనుకోవడం పొరపాటు. ఎవరు పిలిచారు, ఎవరు ఖర్చు పెట్టారు, ఎవరు బాధ్యత తీసుకున్నారు అన్నవి తర్వాత ప్రశ్నలవుతాయి. ముందే నాలుగు వాక్యాలు రాసుకుంటే ఆ ప్రశ్నలు పుట్టవు.

పాడే, ఆడే మనిషికీ చట్టంలో హక్కుంది. 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్లు నిలుస్తుంది. జానపద పాటకు కర్త ఎవరో తెలియకపోవచ్చు. పాడిన అవ్వ మాత్రం ఎదురుగానే ఉంది. 2021లో ‘లవ్‌స్టోరీ’ సినిమా పాట ‘సారంగ దరియా’ విడుదలైనప్పుడు, అంతకుముందే ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన కోమలి తనకు గుర్తింపు దక్కలేదని చెప్పారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు క్రెడిట్, పారితోషికం ఇస్తామని ప్రకటించడంతో వివాదం సర్దుమణిగింది. మాటను ముందే తేల్చుకుని ఉంటే అందరికీ ఆ బాధ తప్పేది.

దీనికి ఎదురుగా నిలిపి చూడాల్సింది 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఆ సినిమా చివర్లో తామే తెర మీదికి వచ్చి తమ గొంతుతో పాడారు. దర్శకుడు వేణు యెల్దండి వాళ్ల పాటను వేరే గాయకులకు ఇవ్వలేదు, వాళ్ల ముఖాలను వేరే నటులకు ఇవ్వలేదు. ఊళ్లల్లో జనం తెరలు కట్టుకుని, అందరూ కూర్చుని చూసి ఏడ్చిన సినిమా అది. కొలాబ్ చేసేవాళ్లు పదేపదే చూడాల్సిన దృశ్యం ఆ ముగింపు.

డబ్బు లెక్క సూటిగా ఉంటుంది, కాని చాలామంది దీన్ని మాట్లాడుకోరు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం వీడియో ఎక్కించిన ఛానల్‌కే పోతుంది. ప్రకటనల వాటా రావాలంటే ఆ ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్న నియమం 2018 నుంచి ఉంది. చిన్న వీడియోలకు వేరే లెక్క ఉంది. అప్పుడే మొదలుపెట్టిన ఏటూరునాగారం కుర్రాడి ఛానల్ ఆ గీత దాటి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పెద్ద ఛానల్‌లో వీడియో పెట్టి, వచ్చినదాంట్లో ఎంత, ఎన్నాళ్లు ఇస్తారో అంకెల్లో రాసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 అక్టోబరులో వచ్చిన కొలాబ్ సౌకర్యంతో ఒకే పోస్టు ఇద్దరి ఖాతాల్లోనూ కనిపిస్తుంది, లైకులు ఒకే లెక్కలో పడతాయి. పేరు ఇలా సమంగా పంచుకోవచ్చు. డబ్బు పంపకం మాత్రం మనుషులే మాట్లాడుకోవాలి.

పాటలు, దృశ్యాలు ఎక్కడివో భాగస్వామి పట్టించుకోకపోతే దెబ్బ ఎక్కించిన ఛానల్‌కే తగులుతుంది: 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రయిక్‌లు పడితే యూట్యూబ్ ఛానల్‌నే తీసేస్తుంది.

ప్రమోషన్ల సంగతి వేరే. 2021 జూన్ 14 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధనల ప్రకారం డబ్బు తీసుకుని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా చూపాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రచారం చేసినవాళ్లకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. బెట్టింగ్ యాప్‌నో, అడవి మూలికతో షుగర్ తగ్గుతుందన్న పొడినో వీడియో మధ్యలో ఇరికించే అలవాటున్నవాడితో కలిస్తే, రెండో పేరు కూడా అదే ప్రచారంలో కనిపిస్తుంది.

విడిపోవడం, ఊరికి చూపించడం

జోడీలు విడిపోతాయి, మనుషులు పోతారు. 2018 డిసెంబరులో మస్తానమ్మ, 2019 అక్టోబరులో ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణ రెడ్డి వెళ్లిపోయారు. అనాథ పిల్లల కోసం పెద్ద పెద్ద గిన్నెల్లో వండిన తాత ఆయన. వాళ్ల ముఖాలే గుర్తుగా నిలిచిన ఛానళ్లు ఆ తర్వాత ఎలా నడవాలన్న ప్రశ్న వచ్చింది. 2024 డిసెంబరులో పస్తం మొగిలయ్య కన్నుమూసినప్పుడు ఆయన గొంతు ఇంకా లక్షల ఫోన్లలో వినిపిస్తూనే ఉంది. అందుకే ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: పొత్తు ముగిసినా, ఒకరు లేకపోయినా, పాత వీడియోలు ఉంచాలా తీసెయ్యాలా, ఆదాయం ఎవరి ఇంటికి చేరాలి.

ఏటూరునాగారం వైపు పనిచేసేవాళ్లు పాటించదగ్గ ఇంకో పద్ధతి ఉంది. వీడియో ఎక్కించకముందు దాన్ని ఊరికి తీసుకెళ్లి చూపించడం. పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. సాయంత్రం బడి వరండాలో ల్యాప్‌టాప్ పెట్టి, దానికి చిన్న స్పీకర్ తగిలిస్తే చాలు. పిల్లలు ముందు కూర్చుంటారు, ఇప్పపూలు ఏరిన అవ్వలు వెనక గోడకు చేరగిలబడతారు. తమ ముఖం కనబడగానే నవ్వుతారు, పక్కవాళ్లను తడతారు. ఎక్కడో ఒక చోట నవ్వు ఆగిపోతుంది. కోయ మాటకు తప్పు అర్థం పడి ఉండొచ్చు; ఇంట్లో గొడవ గురించి మాటవరసకు అన్నది అలాగే ఉండిపోయి ఉండొచ్చు. ‘అది తీసెయ్యి బిడ్డా’ అని ఒక అవ్వ అంటుంది. అప్పుడు మన భాగస్వామి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ ముక్క ఎన్నో నిమిషంలో ఉందో పుస్తకంలో రాసుకుంటాడా, లేక ‘అదే మంచి సీన్ కదా’ అని మన వైపు చూస్తాడా అన్నది ఆ వరండాలోనే కనిపిస్తుంది.